లీగ్ కప్పులో గ్రిమ్స్‌బీ చేతిలో ఓడాక కూడా మాంచెస్టర్ యునైటెడ్ మేనేజర్ అమోరిమ్‌ను ఉంచడం దేనికి? (2025 ఆగస్టు చర్చ)

భీమవరం_యునైటెడ్
రాత్రంతా నిద్ర లేదు. చవితి పందిరి దగ్గర కాపలా వంతు మాదే, ఎలాగూ మెలకువగా ఉండాలి కదా అని పన్నెండున్నరకి ఫోన్‌ని పులిహోర గిన్నెకి ఆనించి పెట్టుకుని నలుగురం కూర్చున్నాం. అరగంట గడిచేసరికి రెండు గోల్స్ తిన్నాం. ఎవరి చేతిలో? నాలుగో డివిజన్ జట్టు గ్రిమ్స్‌బీ చేతిలో. మొదటిది వెర్నమ్ కొట్టాడు. రెండోది కొట్టిన టైరెల్ వారెన్ మన అకాడమీలో పెరిగిన కుర్రాడే. హాఫ్‌టైమ్‌లో బ్రూనోను, ఎంబుమోను దింపాక కాస్త ఊపు వచ్చింది. 75లో ఎంబుమో, 89లో మగ్వైర్ కొట్టి 2-2 చేశారు. ఆ తర్వాత పెనాల్టీల్లో 12-11. కున్యా కొట్టినదాన్ని కీపర్ ఆపేశాడు, ఎంబుమో కొట్టింది బార్‌కి తగిలింది. అంతే, అయిపోయింది.

ఓటమి కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది ఇంకొకటి. జట్టు 2-0తో వెనకపడి ఉంటే కెమెరా బెంచీ వైపు తిరిగింది. మేనేజర్ వానలో తలొంచుకుని కూర్చుని చిన్న బోర్డు మీద బిళ్ళలు అటూ ఇటూ జరుపుతున్నాడు. పెనాల్టీలు కొడుతుంటే అటు చూడనే లేదు. లైను దగ్గర నిలబడి కుర్రాళ్లకి ధైర్యం చెప్పాల్సిన మనిషి కదా ఆయన.

పోయిన సీజన్ లీగ్‌లో ఆయన చేతిలో 27 మ్యాచ్‌లు ఆడాం. 7 గెలిచాం, 14 ఓడాం, వచ్చినవి 27 పాయింట్లు. మొత్తంమీద 42 పాయింట్లతో 15వ స్థానం. 1974లో కింది డివిజన్‌కి పడిపోయిన తర్వాత ఇంత అధ్వానమైన సీజన్ లేదు. యూరోపా లీగ్ ఫైనల్లో మనల్ని ఓడించిన టాటెన్‌హామ్ లీగ్‌లో 17వ స్థానం, వాళ్ల మీద కూడా గెలవలేకపోయాం. కొత్త సీజన్‌లో ఆర్సెనల్ మీద 0-1, ఫుల్‌హామ్‌తో 1-1, ఇప్పుడిది. సెప్టెంబర్‌లో దేశాల మ్యాచ్‌ల కోసం లీగ్‌కి విరామం ఉంది కదా, ఆలోపు మార్చేయాలని నా అభిప్రాయం. కాదనేవాళ్లు కారణం చెప్పండి, వింటాను. "టైమ్ ఇవ్వాలి" అని మాత్రం చెప్పొద్దు.

కోనసీమ_కుర్రోడు
వందకి వంద శాతం నీ మాటే అన్నా. మా ఇంట్లో అందరూ లేచి వచ్చేశారు నా అరుపులకి. అమ్మ ఏమైందిరా అంటే ఏం చెప్పాలో తెలియలేదు.

తణుకు_వీరాభిమాని
12-11 చూసి వాలీబాల్ స్కోరనుకున్నాడు మా తమ్ముడు.

గట్టు_మీద_రాజు
నేను కూడా చూశానండి, చెరువు గట్టు మీద మకాంలో. ఈ టైమ్‌లో రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఏరియేటర్లు ఆగకుండా చూసుకోవాలి, నాకు నిద్ర ఎలాగూ ఉండదు. నిన్నటినుంచే అమెరికావాళ్ల 50 శాతం సుంకం అమల్లోకి వచ్చింది, రొయ్యల కౌంట్ రేటు ఎటు పోతుందో అన్న టెన్షన్ ఒకవైపు, ఇదొకవైపు.

బాధ నాకూ ఉంది. కానీ మార్చేయాలన్న మాట మాత్రం ఒప్పుకోను. చెరువులో రొయ్య తేలిపోతుంటే మావాళ్లు ముందు టెక్నీషియన్‌ని మార్చేస్తారు. కొత్తాయన వచ్చి పాత మందులు పారబోసి కొత్త మందుల చీటీ రాస్తాడు. నీళ్లు అవే, అడుగున కుళ్లిన మట్టి అదే. నెల తిరిగేసరికి మళ్లీ మొదటికే. 2013లో ఫెర్గూసన్ వెళ్లిన దగ్గర్నుంచి మనం చేస్తున్నది ఇదే కదండీ. మోయెస్‌కి ఆరేళ్ల కాంట్రాక్ట్ ఇచ్చి ఏడాది తిరక్కుండా పంపేశారు. వాన్ గాల్ ఎఫ్ఏ కప్ గెలిచిన రెండు రోజులకే పోయాడు. మొరిన్యో వచ్చాడు, సోల్షార్ వచ్చాడు, మధ్యలో రాంగ్నిక్, తర్వాత టెన్ హాగ్. ఎవరి పేరు చెప్పినా చివర ఒకటే కథ. తప్పు ఆ మనుషులందరిదీనా?

భీమవరం_యునైటెడ్
@గట్టు_మీద_రాజు మీ పోలికే తీసుకుందాం రాజుగారూ. ఈసారి చెరువులో వేసిన సీడ్, అంటే ఆటగాళ్లు, కొత్తది కదా? కున్యా, ఎంబుమో, షెష్కో, ఈ ముగ్గురి మీదే దాదాపు 200 మిలియన్ పౌండ్లు పోశారు. ఆయన అడిగిన రకం ఆటగాళ్లనే తెచ్చారు. వద్దన్నవాళ్లని బయట కూర్చోబెట్టారు, రాష్‌ఫోర్డ్‌ని బార్సిలోనాకి లోన్ మీద పంపారు. ఇంకేం చేయాలి?

గట్టు_మీద_రాజు
గోల్‌కీపర్‌ని తెచ్చారా? మిడ్‌ఫీల్డ్‌లో పరిగెత్తేవాణ్ణి తెచ్చారా? ముందు ముగ్గుర్ని కొని వెనకంతా పాతదే ఉంచారు.

యానాం_కీపర్
కీపర్ మాట వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. కాలేజీలో గోల్‌లో నిలబడినవాణ్ణి. రాత్రి మొదటి గోల్ దగ్గరి పోస్ట్ వైపు నుంచి పోయింది. ఏ కీపర్‌కైనా మొదట నేర్పేది దగ్గరి పోస్ట్ మూసెయ్ అనే. రెండోదానికి కార్నర్ బంతి కోసం ముందుకొచ్చి అందుకోలేకపోయాడు. బయటికి వస్తే బంతి నీదే కావాలి, లేదంటే లైను వదలకూడదు. ఆర్సెనల్ మ్యాచ్‌లో ఒనానా లేడు, బాయిందిర్ ఆడాడు, అక్కడా కార్నరే, అక్కడా అదే తడబాటు, కలాఫియోరి తలతో నెట్టేశాడు. ఇద్దరు కీపర్లు, ఒకే తప్పు. అందుకే ఇది ఒక మనిషి తప్పు కాదంటాను. కార్నర్ పడినప్పుడు కీపర్ చుట్టూ ఎవరు నిలబడాలి, దారి ఎవరు క్లియర్ చేయాలి అన్నది ట్రైనింగ్‌లో నేర్పాల్సిన సంగతి. అది కోచింగ్ వాళ్ల పని. నా ఓటు మార్చేయమనే.

గోదారి_గూనర్
మా జట్టు ఆర్సెనల్ పేరు వచ్చింది కాబట్టి ఒక్క మాట. 2021 ఆగస్టులో మేం మొదటి మూడు మ్యాచ్‌లూ ఓడిపోయాం. బ్రెంట్‌ఫర్డ్ మీద 0-2, చెల్సీ మీద 0-2, మాంచెస్టర్ సిటీ మీద 0-5. పట్టికలో అట్టడుగున ఉన్నాం. అంతకు ముందు వరసగా రెండేళ్లు 8వ స్థానం. మా రాజమండ్రి గ్రూపులో మేనేజర్ ఆర్టెటాని తిట్టనివాడు లేడు. ఓనర్లు ఉంచారు. ఆ తర్వాత 5, తర్వాత వరసగా మూడేళ్లు 2వ స్థానం. మీరు టైమ్ అనే మాట వద్దన్నారు గానీ మా దగ్గర మందు అదే అయింది.

నరసాపురం_నెం7
మరి లీగ్ టైటిల్ ఏదీ? 2004 నుంచి చూస్తున్నారుగా.

గోదారి_గూనర్
15వ స్థానంవాళ్లు మమ్మల్ని అడుగుతున్నారా ఆ ప్రశ్న 😄

నరసాపురం_నెం7
సరే, అది ఒప్పుకుంటా.

భీమవరం_యునైటెడ్
@గోదారి_గూనర్ నువ్వు చెప్పినదాంట్లో ఒకటి వదిలేశావు తమ్ముడూ. ఆర్టెటా మొదట్లో ముగ్గురు డిఫెండర్లతో ఆడించేవాడు, 2020 ఎఫ్ఏ కప్ గెలిచింది అలాగే. తర్వాత అది వదిలేసి నలుగురి లైన్‌కి మారాడు, మిడ్‌ఫీల్డ్ మొత్తం వేరేగా కట్టాడు. అంటే ఆయనకి టైమ్ ఇస్తే ఆ టైమ్‌లో మారాడు. మా ఆయనకి దాదాపు ఏడాదిచ్చినా అదే 3-4-3. వచ్చిన రోజు అదే, 15వ స్థానంలో పడ్డా అదే, నాలుగో డివిజన్ జట్టు మీదా అదే. ఆ మొండితనం మీదే నా గొడవంతా. ఓడటం మీద కాదు.

కాకినాడ_కాప్
లివర్‌పూల్‌వాణ్ణి, తిట్టుకోకండి. మా మేనేజర్ క్లాప్ 2015 అక్టోబర్‌లో వచ్చాడు, సీజన్ మధ్యలో, మీ అమోరిమ్ లాగే. ఆ ఏడు మేం 8వ స్థానం, యూరోపా ఫైనల్లో సెవియా చేతిలో 3-1తో ఓడాం. తీసేసి ఉంటే 2019 చాంపియన్స్ లీగ్ లేదు, 2020 లీగ్ లేదు.

కోనసీమ_కుర్రోడు
8కి, 15కి తేడా లేదా అన్నా? పైగా మీరు మాకు మంచి చెప్తున్నారంటేనే అనుమానంగా ఉంది.

కాకినాడ_కాప్
ఆయన అక్కడే ఉండాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నా 😄

పీఈటీ_మాస్టారు
ఫార్మేషన్ గురించి అందరూ మాట్లాడుతున్నారు కాబట్టి అసలు గ్రౌండ్‌లో ఏం జరుగుతుందో చెప్తాను.

3-4-3 అంటే వెనక ముగ్గురు, రెండు పక్కలా వింగ్‌బ్యాక్‌లు, మధ్యలో ఇద్దరే. ముందు స్ట్రైకర్, ఆయన వెనక ఇద్దరు. ఎదుటి జట్టు మధ్యలో ముగ్గుర్ని పెడితే మన ఇద్దరి మీద వాళ్లు ముగ్గురు. ఆ మూడోవాణ్ణి ఎవరు పట్టుకోవాలి? వెనకనుంచి ఒక సెంటర్ బ్యాక్ ఎగబడి రావాలి, లేకపోతే ముందున్న ఇద్దరిలో ఒకడు కిందికి దిగాలి. ఇది క్షణంలో తేల్చుకోవాల్సిన పని. అలవాటైన జట్టుకి ఆలోచన అక్కర్లేదు, కాళ్లే వెళ్లిపోతాయి. యునైటెడ్ మ్యాచ్‌లో ఈసారి బంతి వదిలేసి ఆ మూడోవాణ్ణే చూడండి. బంతి అందుకుని, వెనక్కి తిరిగి, తలెత్తి చూసి, తీరిగ్గా పాస్ ఇస్తాడు. మన డిఫెండర్ ముందుకి రెండడుగులు వేసి ఆగిపోతాడు. ఆ ఆగిపోవడంలో ఉంది జబ్బంతా. బ్రూనో ముందు ఆడాల్సిన మనిషి. ఆయన్ని ఆ ఇద్దరిలో ఒకడిగా పెట్టి, పక్కన వయసు మీదపడ్డ కాసెమీరోని పెడితే పరిగెత్తేది ఎవరు?

అయితే సిస్టమే పనికిరాదంటే నేను ఒప్పుకోను. 2016 సెప్టెంబర్‌లో ఆర్సెనల్ మీద 0-3తో ఓడాక మేనేజర్ కాంటే చెల్సీని ఇదే 3-4-3కి మార్చి ఆ ఏడు లీగ్ గెలిచాడు. మొన్న మేలో క్రిస్టల్ ప్యాలెస్ గ్లాస్నర్ దగ్గర ముగ్గురు డిఫెండర్లతోనే సిటీని 1-0తో ఓడించి ఎఫ్ఏ కప్ ఎత్తింది. ఆ మేనేజర్ దగ్గర మధ్యలో ఎంగోలో కాంటే అనే ఇంకో కుర్రాడు ఉండేవాడు, ఒక్కడే ఇద్దరి పని చేసేవాడు. మనకి అలాంటివాడు లేడు.

భీమవరం_యునైటెడ్
మాస్టారూ, మీరు చెప్పిన కాంటే సంగతి నా వైపే వస్తుంది కదా. 0-3తో ఓడిన రోజు ఆయన మార్చాడు. ఉన్న ఆటగాళ్లని చూసి, వాళ్లకి ఏది సరిపోతుందో అది పట్టుకున్నాడు. మనవాడు ముందు ఫార్మేషన్ రాసుకుని తర్వాత మనుషుల్ని అందులో కుక్కుతున్నాడు. మన కుర్ర మిడ్‌ఫీల్డర్ మైనూ సంగతే చూడండి, 19 ఏళ్లకి యూరో ఫైనల్ ఆడాడు, 2024 ఎఫ్ఏ కప్ ఫైనల్లో సిటీ మీద గోల్ కొట్టాడు. కొత్త సీజన్‌లో రెండు లీగ్ మ్యాచ్‌ల్లో ఒక్క నిమిషం ఆడలేదు. ఆ ఇద్దరిలో పట్టడట.

అమలాపురం_అమ్మాయి
మైనూ లోన్ మీద పంపమని అడిగాడని ఇప్పుడే వార్త చూశా, క్లబ్బు కుదరదందట. నాకు ఏడుపొచ్చింది నిజంగా. మెక్‌టామినేని కూడా ఇలాగే అమ్మేశాం, నాపోలీ వెళ్లి మొదటి ఏడాదే లీగ్ గెలిచి, లీగ్‌లో బెస్ట్ ప్లేయర్ అయ్యాడు. మన ఇంట్లో పెరిగిన పిల్లలు పక్కింట్లో వెలుగుతున్నారు.

తణుకు_వీరాభిమాని
మెక్‌టామినేని అమ్మింది టెన్ హాగ్ టైమ్‌లో.

అమలాపురం_అమ్మాయి
తెలుసు. ఎవరి టైమ్ అయినా బాధ బాధే కదండీ.

పాలకొల్లు_లక్ష్మి
డబ్బు సంగతి ఎవరూ మాట్లాడటం లేదు. నేను అకౌంట్స్ చూసే మనిషిని, అదే కనిపిస్తుంది నాకు.

2024 జూలైలో టెన్ హాగ్ కాంట్రాక్ట్ పొడిగించారు. అక్టోబర్ 28న తీసేశారు. ఆయనకీ ఆయన స్టాఫ్‌కీ పరిహారం 10.4 మిలియన్ పౌండ్లు. అమోరిమ్ కోసం ఆయన పాత క్లబ్బు, లిస్బన్‌లోని స్పోర్టింగ్‌కి దాదాపు 11 మిలియన్ యూరోలు. మన క్లబ్బుకి ఆటల వ్యవహారాల డైరెక్టర్‌గా యాష్‌వర్త్‌ని తెచ్చి అయిదు నెలలకే సాగనంపారు, దానికీ ఖర్చే. ఇదే క్లబ్బు అదే సమయంలో ఏం చేసింది? 2024లో 250 ఉద్యోగాలు తీసేసింది, ఈ ఫిబ్రవరిలో ఇంకో 200 దాకా అంది. స్టాఫ్ క్యాంటీన్‌లో ఉచిత భోజనం ఆపేశారు. ఫెర్గూసన్‌కి ఏటా ఇచ్చే అంబాసిడర్ సొమ్ము కూడా ఆపేశారు. ఇంత పొదుపు చేసింది ఎవరి కోసం? మేనేజర్లకి పరిహారాలు కట్టడానికా?

అమోరిమ్‌ని తీసేస్తే మళ్లీ పరిహారం, కొత్తాయన కోసం మళ్లీ ఇంకో క్లబ్బుకి సొమ్ము, ఆయనకి నచ్చే ఆటగాళ్ల కోసం మళ్లీ వందల మిలియన్లు. మూడేళ్లలో 105 మిలియన్లకి మించి నష్టం చూపించకూడదని లీగ్ నిబంధన. ఈ ఏడు యూరప్ మ్యాచ్‌లు లేవు, ఆ ఆదాయం లేదు. ఎక్కణ్ణుంచి తెస్తారు?

కోనసీమ_కుర్రోడు
డబ్బుల్లేవని ఉంచితే వచ్చే ఏడు కూడా యూరప్ ఉండదక్కా. అప్పుడు నష్టం ఇంకా ఎక్కువ.

పాలకొల్లు_లక్ష్మి
ఆ మాట నిజమే తమ్ముడూ. కానీ తీసేస్తే యూరప్ వస్తుందని గ్యారంటీ ఎవరిస్తారు? 2018 డిసెంబర్‌లో మొరిన్యోని తీసేశాక సోల్షార్ వరసగా 8 మ్యాచ్‌లు గెలిచాడు, పారిస్‌లో 3-1 గెలిచాం, నేనూ ఎగిరి గంతులేశా. మార్చిలో పర్మనెంట్ చేశారు, ఆ వెంటనే చతికిలపడ్డాం. కొత్త మొహం చూసి వచ్చే ఊపు నెలా రెండు నెలలు.

నరసాపురం_నెం7
చెల్సీకి ఆ ఊపు చాలా సార్లు కప్పు తెచ్చిందండి. 2012 మార్చిలో మేనేజర్‌ని తీసి డి మాటియోకి ఇచ్చారు, మేలో చాంపియన్స్ లీగ్. 2021 జనవరిలో లాంపార్డ్‌ని తీసి టుషెల్‌ని తెచ్చారు, మేలో మళ్లీ చాంపియన్స్ లీగ్. ఎప్పుడూ ఓపికే పట్టాలని రాసిపెట్టి లేదు.

గట్టు_మీద_రాజు
అదే డి మాటియోని ఆరు నెలలకే, నవంబర్‌లో పంపేశారు కూడా. లెస్టర్ 2016లో లీగ్ గెలిపించిన రానియేరీని తొమ్మిది నెలలకి తీసేసింది. మొన్న టాటెన్‌హామ్ మన మీద కప్పు గెలిపించిన మనిషిని 16 రోజులకి సాగనంపింది. ఎక్కడ ఆగుతుందండి ఇది? నాకు కోపం మన ఓనర్లు గ్లేజర్ల మీద. 2005లో అప్పు తెచ్చి క్లబ్బు కొని ఆ అప్పు క్లబ్బు నెత్తినే పెట్టారు. ఇరవై ఏళ్లుగా వడ్డీ కడుతూనే ఉన్నాం. మేనేజర్ ఎవరైనా మారతాడు, వాళ్లు మాత్రం కుర్చీ దిగరు.

తణుకు_వీరాభిమాని
+1 రాజుగారూ. గ్లేజర్లు పోవాలి ముందు.

భీమవరం_యునైటెడ్
గ్లేజర్లు పోవాలన్నదానికి నేనూ సంతకం పెడతా. కానీ వాళ్లు మన చేతిలో లేరు. ఓనర్లు చెడ్డవాళ్లయితే గ్రిమ్స్‌బీ మీద కార్నర్ ఎలా కాచుకోవాలో కూడా నేర్పకూడదా? ఆ రాత్రి ఆడిన మన పదకొండు మందిలో ఒక్కడి జీతంతో వాళ్ల జట్టు మొత్తానికి జీతాలివ్వొచ్చు. అక్కడ గ్లేజర్ ఏం అడ్డొచ్చాడు?

ద్రాక్షారామం_పెద్దాయన
పిల్లలంతా ఇంగ్లాండ్ ఉదాహరణలే చెప్తున్నారు. మన దగ్గరే ఒకటుంది.

హైదరాబాద్ రహీం సాహెబ్ 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా భారత జట్టు కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చాడు. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడిపోయాం. పదికి ఒకటి! మనవాళ్లు చాలామంది ఉత్తకాళ్లతో ఆడారు ఆ చలిలో. ఈ రోజుల్లో అయితే విమానం దిగకముందే కోచ్‌ని తీసేసేవాళ్లు. తీయలేదు. నాలుగేళ్లకి మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి సెమీస్‌కి వెళ్లాం, నాలుగో స్థానం వచ్చింది. 1962 జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి మళ్లీ బంగారు పతకం. అప్పటికే ఆయనకి ఊపిరితిత్తుల క్యాన్సర్. మరుసటి ఏడు పోయాడు.

పదికి ఒకటి ఓడినవాణ్ణి నమ్మారు కాబట్టి ఆ పతకం వచ్చింది. ఇది నా మాట.

పీఈటీ_మాస్టారు
పెద్దాయన గారికి నమస్కారం పెట్టాలి ఈ పోస్టుకి. ఆ జట్టులో బలరాం, యూసుఫ్ ఖాన్, తంగరాజ్, అందరూ మన హైదరాబాద్ మైదానాల్లో తేలినవాళ్లే.

భీమవరం_యునైటెడ్
పెద్దాయనా, మీ మాట కాదనే వయసు కాదు నాది. కానీ హెల్సింకీ తర్వాత ఏం జరిగిందో మీకు నాకంటే బాగా తెలుసు. బూట్లు తప్పనిసరి చేశారు. రహీం సాహెబ్ హంగరీవాళ్ల ఆట చూసి సెంటర్ ఫార్వర్డ్‌ని వెనక్కి లాగి ఆడించే పద్ధతి మన జట్టుకి నేర్పాడు. పదికి ఒకటి ఓడి అదే ఆట మళ్లీ ఆడించలేదు. అలా మారే మనిషైతే నేనే ముందు ఓపిక పడతాను.

ద్రాక్షారామం_పెద్దాయన
బాగా చెప్పావు బాబూ. మారకపోతే ఓపిక పట్టి లాభం లేదు, అంతవరకు నీతో ఉన్నాను. కానీ మారడానికి కూడా మనిషికి కుదురు కావాలి. ప్రతి మ్యాచ్‌కీ మెడ మీద కత్తి ఉంటే ఎవడూ కొత్తది ప్రయత్నించడు, తెలిసినదాన్నే పట్టుకు వేలాడతాడు.

కోనసీమ_కుర్రోడు
ఇది నేను ఆలోచించలేదు.

పీఈటీ_మాస్టారు
పెద్దాయన మాటకి మా మండలంలో చూసిన ఒకటి కలుపుతాను. ఒక స్కూల్ జట్టు ఉండేది, మంచి కాళ్లున్న పిల్లలు. ఏటా పోటీల్లో ఓడగానే కోచింగ్ ఇచ్చే మాస్టారిని మార్చేవారు. ఒకాయన లాంగ్ బాల్ అన్నాడు, తర్వాతాయన షార్ట్ పాస్ అన్నాడు, ఇంకొకాయన లెఫ్ట్ బ్యాక్‌ని తీసుకెళ్లి స్ట్రైకర్‌ని చేశాడు. పదో తరగతికి వచ్చేసరికి ఆ లెఫ్ట్ బ్యాక్ పిల్లవాడు బంతి వస్తే ఎటు తిరగాలో తెలియక నా మొహం చూసేవాడు, నేను రిఫరీని ఆ మ్యాచ్‌కి. మన డిఫెండర్లు డలో, షా మొహాల్లో ఇప్పుడు అదే కనిపిస్తోంది. వీళ్లు ఎంతమంది మేనేజర్ల దగ్గర ఎన్ని పొజిషన్లు ఆడారో లెక్కేయండి.

నరసాపురం_నెం7
సరే, తీసేస్తారనే అనుకుందాం. ఎవరొస్తారు? అసలు ప్రశ్న అది.

తణుకు_వీరాభిమాని
జిదాన్.

నరసాపురం_నెం7
పదేళ్లుగా ప్రతిసారీ జిదానే.

యానాం_కీపర్
గ్లాస్నర్. మాస్టారు చెప్పినట్టు ముగ్గురు డిఫెండర్లే, ఉన్న ఆటగాళ్లు సరిపోతారు, మళ్లీ మొత్తం కొనక్కర్లేదు, లక్ష్మిగారి లెక్క కూడా తప్పదు. కప్పు గెలిచి చూపించాడు. లేదంటే బోర్న్‌మత్ ఇరావోలా.

పాలకొల్లు_లక్ష్మి
గ్లాస్నర్ అయితే నేను కొంచెం మెత్తబడతా. కానీ సీజన్ మధ్యలో ప్యాలెస్ ఊరికే వదలదు.

అమలాపురం_అమ్మాయి
మీరంతా ఏప్రిల్ మర్చిపోయారా? యూరోపా లీగ్‌లో లియాన్ మీద అదనపు సమయంలో 4-2 వెనకబడి 5-4 గెలిచిన రాత్రి ఇదే మేనేజర్. ఇదే మగ్వైర్ చివర్లో తలతో కొట్టాడు. బిల్బావోని రెండు మ్యాచ్‌ల్లో కలిపి 7-1తో కొట్టాం. ఏమీ లేని మనిషైతే అవి ఎలా వచ్చాయి?

భీమవరం_యునైటెడ్
మర్చిపోలేదమ్మా, ఆ రాత్రి గుర్తుంది కాబట్టే ఈ బాధ. లియాన్ మీద ఆ చివరి నిమిషాల్లో మగ్వైర్‌ని స్ట్రైకర్‌గా పంపాడు, ఫార్మేషన్ అంతా గాలికొదిలేశాడు. అప్పుడే గెలిచాం!

మోడరేటర్
ఇద్దరు సభ్యుల పోస్టులు తీసేశాం. ఆటగాళ్ల కుటుంబాల గురించి రాయొద్దు. మేనేజర్‌ని ఆట గురించి ఎంతైనా అడగండి.

ద్రాక్షారామం_పెద్దాయన
ఒక మంచి కబురు. ఇవాళ రాత్రి భారత జట్టు కోచ్‌గా ఖాలిద్ జమీల్ మొదటి మ్యాచ్, తజికిస్తాన్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించాం. అన్వర్ అలీ, ఝింగన్ గోల్స్, గురుప్రీత్ పెనాల్టీ ఆపాడు. స్టిమాచ్‌ని తీసేసి ఏడాది దాటింది, మార్కెజ్ వచ్చి వెళ్లాడు, ఈయన మూడోవాడు. ఈయన్నైనా కుదురుగా ఉండనిస్తే బాగుండు.

యానాం_కీపర్
గురుప్రీత్ సేవ్ చూశారా! అదీ కీపింగ్ అంటే.

గోదారి_గూనర్
హైదరాబాద్ ఎఫ్‌సీకి 2022లో కప్పు తెచ్చిన మార్కెజ్ దేశానికి వచ్చేసరికి 8 మ్యాచ్‌ల్లో ఒక్కటే గెలిచాడు. మంచి కోచ్ అన్నిచోట్లా మంచి కోచ్ కాదు. అమోరిమ్ కూడా స్పోర్టింగ్‌లో లీగ్ గెలిచినవాడే.

కోనసీమ_కుర్రోడు
ప్రెస్‌మీట్ చూశారా? ఒక్కోసారి వదిలేసి పోవాలనిపిస్తుందనీ, ఒక్కోసారి ఇరవై ఏళ్లు ఉండాలనిపిస్తుందనీ అన్నాడు. మేనేజర్ అలా మాట్లాడితే ఆటగాళ్లకి ఏం నమ్మకం?

అమలాపురం_అమ్మాయి
నిజం చెప్పాడు. నాకు నచ్చింది. ఓడినా నవ్వు మొహం పెట్టుకుని కబుర్లు చెప్పేవాళ్లకంటే నయం.

భీమవరం_యునైటెడ్
నిజాయతీ ఉంది, కాదనను. జనవరిలో బ్రైటన్ మీద ఓడాక క్లబ్బు చరిత్రలోనే బహుశా ఇదే అధ్వానమైన జట్టు అన్నాడు. మంచి మనిషి అనడంలో నాకు అనుమానం లేదు. మంచి మనిషికి కూడా ఈ పని సరిపడకపోవచ్చు.

నరసాపురం_నెం7
బర్న్‌లీ మ్యాచ్ మొదలైంది. అదే 3-4-3.

తణుకు_వీరాభిమాని
1-0!! వాళ్లే వాళ్ల గోల్‌లో వేసుకున్నారు. అయినా సరే.

యానాం_కీపర్
1-1.

తణుకు_వీరాభిమాని
ఎంబుమోఓఓ 2-1

యానాం_కీపర్
2-2. నేను ఇంక చూడను.

అమలాపురం_అమ్మాయి
పెనాల్టీ! వీఏఆర్ (వీడియో రిఫరీ) ఇచ్చింది! మన అమాద్ చొక్కా వాళ్లవాడు పట్టుకు లాగాడు!

కోనసీమ_కుర్రోడు
బ్రూనో మొన్న ఫుల్‌హామ్ మీద పైకి కొట్టాడు, భయంగా ఉంది.

అమలాపురం_అమ్మాయి
గోల్!!!! 97వ నిమిషం! 3-2!!!

గట్టు_మీద_రాజు
మా కుర్రాడు అరిచిన అరుపుకి పక్క చెరువువాళ్లు ఏరియేటర్ ఆగిందేమోనని టార్చి వేసుకుని పరిగెత్తుకొచ్చారండి. సీజన్‌లో మొదటి గెలుపు. ఏమంటావు భీమవరం తమ్ముడూ?

భీమవరం_యునైటెడ్
నేనూ అరిచాను రాజుగారూ, పందిట్లో మైకు పక్కనే ఉంది, ఊరంతా వినపడి ఉంటుంది. కానీ నా మాట మారలేదు. కింది డివిజన్ నుంచి ఈ ఏడే పైకి వచ్చిన జట్టు మీద, సొంత గ్రౌండ్‌లో, రెండుసార్లు ఆధిక్యం పోగొట్టుకుని, చివరి నిమిషం పెనాల్టీతో బయటపడ్డాం. మాస్టారు చెప్పినట్టు బంతి వదిలేసి ఆ మూడోవాణ్ణే చూశాను ఈ రోజు. బర్న్‌లీవాళ్లు కూడా మధ్యలో తీరిగ్గా తిరుగుతున్నారు. పెద్దాయన మాట పట్టుకుని ఒక్క మెట్టు దిగుతాను: విరామంలో తీసేయక్కర్లేదు. వారానికి ఒక్క మ్యాచే కదా, యూరప్ లేదు, లీగ్ కప్పు లేదు, ట్రైనింగ్‌కి కావాల్సినంత టైమ్ ఉంది. సెప్టెంబర్ 14న సిటీ మ్యాచ్‌కి మధ్యలో ముగ్గుర్ని పెట్టి, బ్రూనోని ముందుకి పంపి, మైనూకి చోటిస్తే ఓడినా నేను నోరు మూసుకుంటా. అదే ఇద్దరితో వెళ్లి చితికితే మాత్రం ఆ మర్నాడే తీసేయాలి.

గట్టు_మీద_రాజు
క్రిస్మస్ దాకా అయినా చూడాలంటాను. సిటీ మ్యాచ్‌తో తేల్చేయడం ధర్మం కాదు.

పాలకొల్లు_లక్ష్మి
నేను సీజన్ చివరిదాకా. కొత్త మేనేజర్‌కి కూడా సీజన్ మధ్యలో రావడం శాపమే, అమోరిమే అందుకు సాక్ష్యం. ఆయన వేసవిలో వస్తానంటే ఇప్పుడైతేనే అన్నారుగా.

కోనసీమ_కుర్రోడు
నేను మాత్రం ఇప్పుడే. గెలిచినా సరే.

పీఈటీ_మాస్టారు
14న రాత్రి 9 గంటలకి డెర్బీ. భీమవరంలో ఎవరింట్లోనైనా పెద్ద టీవీ ఉంటే చెప్పండి, నేను కాకినాడ నుంచి బస్సెక్కుతా. ఆ మూడోవాణ్ణి స్క్రీన్ మీద వేలు పెట్టి చూపిస్తాను.

భీమవరం_యునైటెడ్
మా ఇంటికే రండి మాస్టారూ. రాజుగారూ, మీరు కూడా, గట్టు మీద ఆ రాత్రికి ఎవరినైనా పెట్టండి.

కాకినాడ_కాప్
మాస్టారూ, ఆ బస్సులో నాకూ ఒక సీటు ఉంచండి.

కోనసీమ_కుర్రోడు
లివర్‌పూల్‌వాళ్లకి ప్రవేశం లేదు.